బుడగచేప తాగిన నీళ్ళు

ఒకప్పుడు బుడగచేపకు పళ్ళు లేవు, పొట్ట కూడా లేదు. వేపాకంత సన్నగా, మెత్తగా ఉండేది. దానికి ఆ రెండూ ఎలా వచ్చాయో చెప్పే చిన్న కథ ఇది. మీ కళ్ళు మూతపడేలోపు అయిపోతుంది. అయితే ముందు దానెమ్మ అనే ఒక అత్తగారి గోలెం గురించి చెప్పాలి. దానెమ్మను వదిలేసి గోలెం గురించి చెప్తే ఆవిడ ఊరుకోదు కాబట్టి, ఆవిడ గురించి కూడా చెప్పాలి.

దానెమ్మది సముద్రం ఒడ్డున ఇల్లు. ఊళ్ళో అందరికంటే పెద్ద గోలెం ఆవిడదే, పెద్ద గొంతూ ఆవిడదే. గోలెం అంటే దూడ దిగి కూర్చునేంత మట్టి తొట్టి. ఆవిడ కొడుకు గంగులు రోజంతా పెరట్లో వల బాగుచేసుకునేవాడు. ఆ వల నిజానికి అంత చిరిగేది కాదు. ఇంట్లో తగువు మొదలైనప్పుడే చిరిగేది.

ఆ ఊరికి ఒక ఆచారం ఉండేది. కొత్త కోడలు పుట్టింటి ఏటి నుంచి ఒక చేపను కుండలో తెచ్చి, అమావాస్యనాడు అత్తింటి గోలెంలో వదలాలి. పున్నమి దాకా అది అక్కడే ఉంటే కోడలు ఆ ఇంటిదైనట్టు. ఏ చేపైనా, ఎప్పుడైనా సరే, గోలెం విడిచి దూకిందా, దాన్ని తెచ్చిన మనిషి దాన్ని కుండలో వేసుకుని పుట్టింటికి పోవలసిందే. దానెమ్మ కోడలిగా వచ్చినప్పుడు తెచ్చిన మీసాల జెల్లచేప ఇంకా ఆ గోలెంలోనే ఉంది. నీళ్ళన్నీ తన పేరనే ఉన్నట్టు తిరిగేది.

ఒక అమావాస్యనాడు బంగారి ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. కుండలో పచ్చటి చుక్కల బుడగచేప. సాగనంపేటప్పుడు తల్లి ఆమె చెవిలో ఒక్కటే మాట చెప్పింది.

"జవాబు నోటిదాకా వచ్చినప్పుడు ఒక గుక్క నీళ్ళు తాగమ్మా. నీళ్ళతో పాటు మాటా దిగిపోద్ది."

కుండలోని చేప కూడా ఆ మాట విన్నది. తనకే చెప్పిందనుకుంది.

బంగారికి ఆ ఇంట్లో ఉండిపోవాలని ఉంది. గంగులు నోరు విప్పడు గానీ, ఆమె కంచంలో చేపముళ్ళు తనే ఏరి పక్కన పెట్టేవాడు. అలాంటి మనిషిని వదిలి, కుండ పట్టుకుని వెనక్కి నడవడం ఎలా అని ఆమె బెంగ.

పులుసు పుల్లగా ఉందనేది దానెమ్మ. పులుపు తగ్గిస్తే చప్పగా ఉందనేది. ముగ్గు వంకరనేది. చెరిపి మళ్ళీ పెడితే పిండి దండగనేది. బంగారి చెంబెత్తి ఒక గుక్క తాగేది. ఆ చెంబును చూసి ఇరుగుపొరుగు, కోడలికి ఏదో దాహం జబ్బుందని ఊరంతా చెప్పారు. మందు కూడా వాళ్ళే చెప్పారు.

గోలెంలోనూ ఇదే వరస. మెతుకులన్నీ జెల్ల తినేసి, బుడగచేపను మీసాలతో పక్కకు నెట్టేది. ఏటి బురద వాసన ఇంకా వదల్లేదా అని అడిగేది. పరిగిపిల్లలనే చిట్టి చేపలు దాని రెక్కలు గిల్లి పారిపోయేవి. అడుగునున్న నత్త ఎవరి పక్షమూ కాదు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసేది. నెమ్మదిగా మోసేది కాబట్టి ఒక్కో తగువు చాలాకాలం నడిచేది.

బుడగచేప గుక్క మీద గుక్క తాగేది. గోలెంలో నీళ్ళు తగ్గుతుంటే, కారుతోందని దానెమ్మ కుమ్మరిని పిలిచి తిట్టింది. అతను చుట్టూ తడిమి, చెమ్మ ఎక్కడా లేదని చెప్పి, ఇంకో గోలెం కొనమన్నాడు.

మధ్యాహ్నం దానెమ్మ కునుకు తీస్తే ఇల్లు చల్లబడేది. బంగారి గోలెం అంచుకు చెంప ఆనించి కూర్చునేది. నీళ్ళలో మబ్బులు మెల్లగా కదిలేవి. వాటి మధ్య బుడగచేప ఆకాశంలో ఈదుతున్నట్టుండేది. చూడగా చూడగా తను పైనుందో, నీళ్ళ కిందుందో బంగారికి తెలిసేది కాదు. అప్పుడు తూర్పుగాలి వచ్చి నీటిని వేలితో తాకినట్టు తాకేది.

"మీ ఏరు అడిగిందమ్మా," అనేది గాలి.

"ఏమని?"

"ఊరికే. అడిగింది."

బుడగచేప బంగారిని అక్క వరసన అప్పా అనేది. ఒకరోజు అది పైకి తేలింది. "అప్పా, కడుపు బరువుగా ఉంది."

"నాకూ అలాగే ఉంది. పున్నమి దాకా ఓర్చుకో. నువ్వు దూకితే నేనూ పోవాలి."

"దూకను," అంది చేప. తాగిన నీళ్ళు బయటికి రాకుండా చిగుళ్ళు బిగించింది. బిగించి బిగించి అవి రాయిలా గట్టిపడ్డాయి. పైన రెండు, కింద రెండు పళ్ళు మొలిచాయి. వేపాకులా ఉన్నది కాస్తా తాటికాయలా గుండ్రమైంది.

పున్నమి ఉదయం ఊరంతా గోలెం చుట్టూ చేరింది. అందరూ ఓదార్పు మాటలు ముందే సిద్ధం చేసుకుని వచ్చారు. ఒకావిడ బంగారి కుండను తోమి కూడా పెట్టింది.

జనాన్ని చూసి జెల్లకు హుషారొచ్చింది. బుడగచేప కంట్లో మీసంతో పొడిచి, ఇక దూకమంది.

బుడగచేప ఒక గుక్క తాగబోయింది. లోపల చోటు లేదు. ఒక కన్ను బంగారి వైపు తిప్పింది. బంగారి చేతిలో చెంబు ఖాళీగా ఉంది.

"అప్పా, నేను దూకనని మాత్రమే అన్నాను కదా?"

బంగారి ఖాళీ చెంబు కింద పెట్టింది. "అంతే అన్నావు," అంది.

బుడగచేప నోరు తెరిచింది. ముందు పరిగిపిల్లలు కనబడకుండా పోయాయి. తర్వాత నత్తగుల్ల కరకరమంది. ఆ తర్వాత జెల్ల తోకలో సగం పోయింది. మిగిలిన సగంతో జెల్ల గోలెం అంచు దాటి దూకి, దానెమ్మ పాదాల దగ్గర పడింది.

తెచ్చుకున్న ఓదార్పు మాటలు ఎవరికివ్వాలో జనానికి తెలియలేదు.

గంగులు వల పక్కన పెట్టి లేచాడు. తోమిన కుండలో నీళ్ళు పోసి, జెల్లను వేసి, తల్లి చేతికిచ్చాడు.

"ఎండెక్కకముందే ఎళ్ళమ్మా," అన్నాడు. "ఇసక కాలుద్ది."

దానెమ్మ పుట్టింటికి వెళ్ళిపోయింది. అక్కడ గోలెం చిన్నదట.

ఆ మధ్యాహ్నం బంగారి గోలెం అంచుకు చెంప ఆనించింది. నీళ్ళలో మబ్బులు, మబ్బుల్లో ఒక్కటే బుడగచేప. "ఇప్పుడు అందరం కలిసిమెలిసి ఉన్నాం అప్పా," అంది.

అప్పటినుంచే బుడగచేప కోపమొస్తే నీళ్ళు తాగి ఉబ్బుతుంది. దాని పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, నత్తగుల్లలు కొరికి అరగదీసుకుంటుంది. ఇంట్లో గాజుతొట్టిలో పెంచేవాళ్ళు ఇప్పటికీ తోడుంటుందని దాని పక్కన ఇంకో చేపను వేస్తారు. బుడగచేప ఇప్పుడు పున్నమి దాకా ఆగడం లేదు.