అడిగినవే లోపలికి

దక్షిణామూర్తి గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. "టీ తాగుదాం పద" అంటారు. ఆ టీ పూర్తయ్యేలోగా ప్రశ్న దానంతట అదే నీరసించిపోతుందని శిష్యులు వెనకాల నవ్వుకుంటూ ఉంటారు.

ఆస్పత్రి కింది అంతస్తులో కంప్యూటర్లు చూసే సువార్త ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ల్యాబ్ రిపోర్టులు, రోగుల వివరాలు ఉండే వర్చువల్ మెషీన్లు అనే ఊహా కంప్యూటర్లన్నింటినీ ఆస్పత్రి సొంత క్లౌడ్‌లో పెట్టి, ఇంటర్నెట్‌కి బొత్తిగా దారి లేకుండా మూసేసింది. దాంతో అప్‌డేట్లు అందక అవి ఒక్కొక్కటే మొరాయిస్తున్నాయి. సాయంత్రంలోగా తేల్చమని పైవాళ్ళు ఒకటే పోరు. నిద్రలేని కళ్ళతో ఆమె గురువుగారిని అడిగింది.

"బయటికి దారి ఇస్తే, అదే దారిన దొంగ లోపలికి రాడా సార్?"

ఈసారి ఆయన టీ మాట ఎత్తలేదు. "మీ అమ్మగారిని చూసొద్దాం పద" అన్నారు.

చూడటం అన్నది ఉత్త మాటే. సువార్త తల్లి గ్రేసమ్మ, స్టవ్వు పేలి, పై అంతస్తులో కాలిన గాయాల వార్డులో ఉంది. ఇన్‌ఫెక్షన్ భయంతో అక్కడికి ఎవరినీ పోనివ్వరు. తలుపు పక్కన చిన్న కిటికీ, కిటికీ దగ్గర నాగరత్నం సిస్టర్. లోపలివాళ్ళకి ఏం కావాలన్నా ఆవిడే అడుగుతుంది, వచ్చింది ఆవిడే అందుకుంటుంది, అడిగినవాళ్ళను గుర్తుపెట్టుకుని వాళ్ళకే ఇస్తుంది. మందుల షాపువాడికి తెలిసింది ఆవిడ పేరొక్కటే. లోపల ఏ మంచం మీద ఎవరున్నారో వాడికి తెలియదు.

అడగనిది మాత్రం ఆవిడ ముట్టదు. సువార్త ప్రార్థన నూనె తెచ్చింది, మెత్తటి దిండు తెచ్చింది, నిన్న అమ్మ కళ్ళజోడు తెచ్చింది. అన్నీ తిరిగొచ్చాయి. లోపల అమ్మ కళ్ళు తెరవలేదు, ఏమీ అడగలేదు. సువార్తకు ఆ కిటికీ అంటే కోపం. అది మరీ బార్లా తెరిస్తే అమ్మకేమవుతుందో అని భయం కూడా. ఆ రెంటి మధ్యా ఆమె ప్రాణం విసిగిపోయింది.

ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. పక్కన ఒకాయన భార్య కోసం తెచ్చిన ఇడ్లీ పొట్లం తీసుకోమని సిస్టర్‌ని బతిమాలి బతిమాలి, చివరికి తనే తినేశాడు. గురువుగారు గోడకు తలానించి కునుకు తీశారు. అడిగినదానికి ఇదా జవాబు అని సువార్తకు ఒళ్ళు మండింది, కానీ కోప్పడటానికి కూడా ఓపిక లేకపోయింది.

కిటికీ రెక్క తెరుచుకుంది.

"గ్రేసమ్మ తాలూకు ఎవరండీ? కళ్ళజోడు అడుగుతోంది."

సువార్త గబగబా సంచీ తెరిచింది. సంచీలోనే ఉన్న జోడు ఎంత వెతికినా చేతికి తగలదే. చివరికి అందిస్తే, సిస్టర్ దాన్ని స్పిరిట్‌తో తుడిచింది.

"నిన్న ఇదే తెస్తే వద్దన్నారు" అంది సువార్త, ఏడుపు ఆపుకోలేక.

"నిన్న ఆవిడ అడగలేదమ్మా" అని సిస్టర్ కిటికీ మూసేసింది.

తిరిగి వస్తుంటే గురువుగారు మోకాలు పట్టుకుని ఒక్కో మెట్టే దిగారు. కంప్యూటర్ల గది తలుపు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి ఆగి, అప్పుడన్నారు.

"ఆ కిటికీ కూడా లేకపోతే, మీ అమ్మ ఎవరిని అడిగేదమ్మా?"