సిమెంటు గడప మీద టేకు ముడి

ఇది చిన్న కథ. టీ చల్లారేలోపు చెప్పేయొచ్చు. అయితే గుర్లపాలెం ఎరగనివాళ్ళకి ముందు మా తలుపుల గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా ఊళ్ళో టేకు చెట్టు ఒక్కటీ లేదు, టేకు తలుపు లేని ఇల్లూ లేదు. అంతా దాలినాయుడు మేస్త్రి చలవ. ఇనుమైనా సిమెంటైనా ముందు లేత రంగు పూసి, దాని మీద ముదురు రంగు పలచగా రాసి, తడి ఆరకముందే దువ్వెన లాగి చెక్క చారలు తీస్తాడు. మాజీ ప్రెసిడెంటు గారు ఇనప గేటుకి వేయించుకున్నారు. వానలకి తుప్పు బయటపడితే, అది చేవ అని ఇప్పటికీ చెబుతున్నారు. రిటైరైన హెడ్మాస్టారు ఫ్రిజ్‌కి కూడా వేయించారు. ఆ ఇంట్లో పెరుగు కోసం లేచినవాళ్ళు ఫ్రిజ్ అనుకుని బీరువా తెరిచి, పట్టుచీరతో తిరిగొస్తుంటారు.

మేస్త్రి దగ్గర పని నేర్చుకుంటున్న ఎర్రయ్యమ్మకి మాత్రం ఇదంతా నవ్వులాటగా లేదు. ఆమె అంతకుముందు గోడలకి సున్నం వేసేది. సున్నం సున్నంలాగే కనిపిస్తుంది, మనసుకి సంజాయిషీ చెప్పుకునే పని లేదు. ఒకనాడు దువ్వెన కింద పెట్టి అడిగేసింది.

"మేస్త్రీ, సిమెంటుని టేకని నమ్మించడం మోసం కాదేటి?"

ఎవరేం అడిగినా జవాబుకి బదులు చేతిలో కుంచె పెట్టడం మేస్త్రి అలవాటు. అన్నం తిన్నావా అని పలకరించిన వియ్యంకుడు కూడా ఓసారి పొద్దుగూకేదాకా కిటికీకి రంగు వేసి వెళ్ళాడు. ఎర్రయ్యమ్మకీ కుంచే ఇచ్చి, "ముక్తేశాచారి కొత్తింటి గడప ఉంది. అది వేసి రా" అన్నాడు.

ముక్తేశాచారి వడ్రంగుల బిడ్డ. ఉలి పట్టలేక సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు. తండ్రి ఊరందరికీ గడపలు చేస్తే, కొడుకు తన ఇంటికి సిమెంటు గడప పోయించుకున్నాడు. తల్లి వీరకాంతమ్మ అప్పుడే ఖాయంగా చెప్పేసింది: సిమెంటుకి పసుపు రాయను, పసుపు రాయని గడప దాటను. అందుకే అతను ఎర్రయ్యమ్మని పక్కకి పిలిచి, "అమ్మకి చూపు ఆనదక్కా. టేకని చెప్పేద్దాం. నువ్వు నోరు మెదపకు" అన్నాడు.

ఆమె మెదపలేదు. కానీ ఆ ముసలమ్మ గనక నమ్మితే కుంచె మేస్త్రికి ఇచ్చేసి సున్నానికే పోతానని లోపల ఒట్టు పెట్టుకుంది. ఒట్టయితే పెట్టుకుంది గానీ, చేతులు మాటవినవు కదా. చారలు అందంగా వచ్చాయి. గడప మధ్యన, చెక్కలో కొమ్మ మొలిచిన చోట ఉండే కన్నులాంటి ముడి ఒకటి వేసి, దాన్ని చూసి తనే మురిసిపోయింది.

గృహప్రవేశం పొద్దున వీరకాంతమ్మ గడప ముందు చతికిలబడి, అరచేత్తో ఈ కొస నుంచి ఆ కొసకి తడిమింది. పంతులు గారు మంత్రం ఆపారు.

"టేకమ్మా, మంచి..." అని ముక్తేశాచారి మొదలెట్టాడు.

"నోర్ముయ్రా. చెక్క ఇంత చల్లగా ఉంటదా? ఎవరేశారీ చారలు?"

ఎర్రయ్యమ్మ ముందుకొచ్చింది. "నేనేనమ్మా. సిమెంటే. పైన రంగు."

బంధువులు అటూ ఇటూ చూశారు. ముసలామె ముక్కు గడపకి తగిలేంత దగ్గరగా వంగి చూసి, ముడి మీద వేలు పెట్టింది.

"గడియ దిగే చోట ముడేటే? ఉలి పెడితే చీలిపోదూ? మా ఆయన ఇలాంటి చెక్క ముట్టుకునేవాడు కాడు. తీసి పక్కకి జరుపు."

ముహూర్తం ఇంకా కాస్త ఉందని పంతులు గారు అప్పుడే కనిపెట్టారు. ఎర్రయ్యమ్మ ఉప్పుకాగితంతో ముడి గీకేసి, మళ్ళీ రంగు రాసి, ఓ పక్కగా ముడి వేసింది. "ముడి దగ్గర చార తిన్నగా పోదే, చుట్టూ తిరుగుతుంది" అని వీరకాంతమ్మ చెబుతూనే ఉంది. ముక్తేశాచారి కొత్త పంచె చెంగుతో విసిరి రంగు ఆరబెట్టాడు. అతను గడప పని చెయ్యడం అదే మొదలు.

ఆరాక ఆవిడ వంగి చూసి, తలూపింది. పసుపు గిన్నె తీసుకుని గడపంతా దట్టంగా మెత్తింది. చారా కనపడలేదు, ముడీ కనపడలేదు. కుంకుమ బొట్లు పెట్టి, కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఎర్రయ్యమ్మ కుంచె కిరసనాయిల్లో కడుగుతూ మేస్త్రికి జరిగిందంతా చెప్పింది. సున్నం మాట ఎత్తలేదు.

"ఒక్క చారయినా పైకి మిగల్లేదు మేస్త్రీ" అంది.

దాలినాయుడు ఆమె కడిగిన కుంచె తీసుకుని, వెంట్రుకలు విదిలించి, మళ్ళీ ఆమెకే ఇచ్చాడు.

"కింద ఉన్నాయి కదా" అన్నాడు.