అదే చాలులో రెండో చాలు

"ఒరేయ్ ఎర్రప్పా!" గట్టు మీంచి పెత్తందారు భూపతినాయుడు కేకేశాడు. "పాలేరువై మా చెంగల్వనే అడుగుతావా? సరే, తిన్నటి చాళ్ళు రెండు దున్ను. అవి రెండు చోట్ల కలిస్తే పిల్ల నీది. లేదా ఊరొదిలి పో!"

నాయుడి పక్కనే ఉన్న కూతురు చెంగల్వ కంగారు పడింది. తిన్నటి చాళ్ళు కలిస్తే ఒక్కచోటే కలుస్తాయి, లేదంటే ఎక్కడా కలవవు కదా!

ఎర్రప్ప ఒక చాలు దున్నాడు. ఎడ్లను వెనక్కి తిప్పి, రెండోదీ అందులోనే దున్నుకుంటూ వచ్చాడు.

"ఇదేంట్రా?"

"చూసుకోండి దొరా. ఇక్కడ కలిశాయి, అదిగో అక్కడా కలిశాయి. తిన్నటివి రెండు చోట్ల కలిశాయంటే అంతటా కలవాల్సిందే. మిగతావన్నీ కొసరు!"

కూలీలు ఘొల్లున నవ్వారు. నాయుడు గట్టు దిగి చాలు పొడవునా చూసి, ఒప్పుకున్నట్టు తలూపాడు.

చెంగల్వ హాయిగా ఊపిరి పీల్చుకుని, తండ్రి ఎదుటికొచ్చి పైకే అనేసింది. "నాయనా, పోయిన వానల నుంచీ నా మనసు ఇతని మీదే ఉంది."