ఓబుళికి ఉండనీ

అనగనగా అంటే మొన్నటి మాట కాదు, కొండలకు ఇంకా పేర్లు పెట్టని నాటి మాట. ఏటి గట్టున ఒక ఊరు. అందులో గంపలు అల్లుకుని బతికే చౌడమ్మ. వైద్యుడు సిద్ధప్ప ముసలితనాన మంచం పడితే, గంజి పోసి చూసుకున్నది ఆమె ఒక్కతే. పోయేముందు ఆయన తన మందు కుండ ఆమె చేతిలో పెట్టాడు. పాత జొన్నరొట్టె మీద పెంచిన బూజుమందు అది. చీము పట్టిన ఎంత పుండైనా దానికి లొంగేది.

"చౌడమ్మా, దీన్ని ఊరికే ఇయ్యాకు," అన్నాడు. అని కన్ను మూశాడు.

చెప్పినాయన హాయిగా పోయాడు, చిక్కు ఈమెకు మిగిలింది. ఊరికే ఇయ్యాకు అంటే ఏమిటి? ఉత్తపుణ్యానికి ఇవ్వద్దన్నాడేమో అనుకుంది. గుప్పెడు కొర్రలు తెచ్చినవాళ్ళకే ఇస్తానంది. కొర్రలకేం కరువు? తుమ్మినవాడు తెచ్చాడు. దగ్గినవాడు తెచ్చాడు. రేపు తుమ్ముతానేమోనని మూడోవాడూ తెచ్చాడు. అందరికీ ఇచ్చింది.

అయినా మనసు కుదరలేదు. ఒక్క ఊరికే ఇవ్వద్దన్నాడేమో అనుకుంది. పక్క ఊళ్ళకూ పంచింది. జలుబు మందేస్తే వారం, వేయకపోతే ఏడు రోజులు. కానీ జనమంతా "చౌడమ్మ మందుతోనే పోయింది" అన్నారు.

ఒకనాడు ఆమె ఒక్కగానొక్క కూతురు ఓబుళికి కాలు కొడవలితో తెగింది. చీము పట్టింది. ఒళ్ళు పెనంలా కాలింది. చౌడమ్మ మందు వేసింది, తగ్గలేదు. మళ్ళీ వేసింది, తగ్గలేదు. కుండ అడుగు ఊడ్చి వేసింది, తగ్గలేదు.

"అమ్మా, అందరికీ పనిచేసే మందు నాకెందుకు పనిచెయ్యలేదే?" అంది ఓబుళి. పొద్దు గుంకకముందే పోయింది.

చౌడమ్మ గుండె పగిలేలా ఏడ్చింది. ఏడుస్తూనే ఆ ప్రశ్న పట్టుకుని కూర్చుంది. పొద్దస్తమానం ఉత్త కేకలేస్తే చేలో పిట్టలు కూడా లెక్కచెయ్యవు. జబ్బూ అంతేనా, అక్కర లేనప్పుడల్లా వేస్తే మందుకు అలవాటు పడిపోతుందా? ఊరికే అంటే, అక్కర లేకుండా అనా? ఏమో. చెప్పేవాడు లేడు.

కొత్త రొట్టె మీద మళ్ళీ బూజు పెంచింది. పక్కింటి కదిరమ్మ తుమ్ముతూ వచ్చింది. "మందియ్యి చౌడక్కా."

చౌడమ్మ ఆమె నుదురు తాకింది, గొంతు చూసింది. "నీకు మందక్కర్లేదు కదిరమ్మా. శొంఠినీళ్ళు తాగి మూడు పొద్దులు చూడు. ఆయాసమొస్తే మాత్రం ఆగాకు, పరిగెత్తుకుని రా. ఈ మందు ఓబుళికి ఉండనీ."

కదిరమ్మ బిత్తరపోయింది. "సచ్చిన బిడ్డకు మందేందిమే!"

మొదటి ఏడు ఊరు ఆమెను పిసినారి అంది. రెండో ఏడు పిచ్చిది అంది. మూడో ఏడు ఆ గడప తొక్కడమే మానేసింది. చౌడమ్మకు మాత్రం నమ్మకమేముంది? తప్పు చేస్తున్నానేమోనని రోజూ కుమిలేది. అయినా చీము పట్టినవాళ్ళకు తప్ప కుండ మూత తీయలేదు.

అప్పుడు కదిరమ్మ కూతురి కాలికి ముల్లు దిగింది. చీము పట్టింది, ఒళ్ళు పెనంలా కాలింది. కదిరమ్మ బిడ్డను భుజాన వేసుకుని, సిగ్గు విడిచి పరిగెత్తుకొచ్చింది. చౌడమ్మ పుండు చూసింది. కుండ మూత తీసింది. ఒక పూట వేసింది, రెండు పూటలు వేసింది. మూడో పూటకు పిల్ల కళ్ళు తెరిచి గంజి అడిగింది.

"అక్కా, ఇప్పుడెట్ల పనిచేసింది?" అంది కదిరమ్మ.

"ఏమోమ్మే. నీ తుమ్ములకు ఇయ్యలేదు కదా, అందుకేమో," అంటూ చౌడమ్మ ఆ పిల్లను ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. సంతోషంతోనో, దుఃఖంతోనో ఆమెకే తెలియలేదు.

సిద్ధప్ప మాటకు అర్థం అదేనో కాదో తేలకుండానే చౌడమ్మ కూడా పోయింది. కానీ ఇప్పటికీ ఆ ఊళ్ళో డాక్టరు "ఈ జలుబుకు మందక్కర్లేదు" అంటే ఎవరూ అలగరు. "సరే సార్, ఓబుళికి ఉండనీ" అని లేచిపోతారు. కొత్తగా వచ్చిన డాక్టరు తెల్లబోయి, ఓబుళి ఎవరని అడుగుతాడు.

"ఎవరో ఒకరి బిడ్డ సార్," అంటారు.