పొట్ట వదలని తీగ

ఎండ కాస్తున్నంతసేపు ప్రభుదాసు బిగించిన డిష్‌కి వంక పెట్టడానికి లేదు. నాలుగు చినుకులు పడితే మాత్రం టీవీలో బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, తెర మీద 'నో సిగ్నల్' ఒక్కటే మిగిలేది. ఆ ఇంట్లో ఇంగ్లీషు రానివాళ్లకి కూడా ఆ రెండు ముక్కలు వచ్చేశాయి. ఎవరింట్లోనో అయితే ఏదో సర్దిచెప్పేవాడు. అది అతని అత్తగారిల్లు. పైగా, ఉస్తాదు పక్కన లేకుండా అతను చేసిన మొదటి పని.

ఉస్తాదంటే ఖాదర్ వలీ. ఉప్పుటేరు వెంట ఏ ఇంటి మీద డిష్ కనిపించినా దాన్ని ఆకాశం వైపు తిప్పింది ఆయనే. మనిషి లావు, మాట పొదుపు. ప్రభుదాసు ఆయన దగ్గరే పని నేర్చాడు.

ఆయన నేర్పినవాటిలో ఒకటి ప్రభుదాసుకి గిట్టేది కాదు. కేబుల్ గోడ కన్నంలోకి దూర్చే ముందు "కాస్త పొట్ట వదులు" అనేవాడు. తీగని కన్నం కంటే కిందికి వేలాడేలా వంపు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపాలన్నమాట. ఎందుకు ఉస్తాద్ అని అడిగితే, "వదులు" అనేవాడు.

ప్రభుదాసు కళ్లకి ఆ వేలాడడం బద్ధకంలా కనిపించింది. అందుకని అత్తగారింట్లో, డిష్ నుంచి కిటికీ పైనున్న కన్నం దాకా కేబుల్ని ఏటవాలుగా, స్కేలు పెట్టి గీసినట్టు లాగి మేకులు కొట్టాడు. ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర, "ఉస్తాదుకీ ఆయన వదిలే తీగకీ ఒకటే పోలిక. ఇద్దరికీ పొట్టే" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినవాళ్లలో చొక్కా బొత్తాలు పట్టనివాళ్లే ఎక్కువ. అతని గ్లాసులో టీ చల్లారకముందే ఆ మాట ఉస్తాదు వీధికి చేరింది. ఎవరు మోశారన్నది ఇక్కడ అనవసరం.

తర్వాత వానలు మొదలయ్యాయి.

అత్తగారు దీనమ్మ మర్యాదస్తురాలు. అల్లుణ్ణి ఒక్కనాడూ నువ్వు అనలేదు. "అల్లుడుగారూ, మబ్బు పట్టింది. టీవీ నన్ను కట్టేయమంటారా, అదే పోతుందంటారా?" అని అడిగేది. ఇళ్ల మీద పాకేవాడికి పిల్లనివ్వనని పెళ్లికి ముందు అన్న మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ వినపడేది.

ప్రభుదాసు పట్టు వదిలే రకం కాదు. డిష్ కోణం మార్చాడు. కనెక్టర్లు మార్చాడు. అడ్డొస్తున్నాయని పక్కింటి మోజెస్ కొబ్బరిమట్టలు కొట్టించాడు. అయినా వాన వస్తే బొమ్మ పోయేది. అతను పరుగెత్తుకొచ్చేసరికి వాన వెలిసి, తడి ఆరి, డాక్టర్ని చూడగానే తగ్గే జ్వరంలా అంతా బాగయిపోయి ఉండేది.

చివరికి ఒక ఉదయం దీనమ్మ అంది:

"అల్లుడుగారూ, రేపు టౌను నుంచి వేరే మనిషిని రమ్మన్నాను. మీరేం అనుకోకండి. మీ డిష్ జాగ్రత్తగానే దింపిస్తాను."

సొంత అత్తగారే వేరే మనిషిని పిలిస్తే, ఊళ్లో ఇంకెవరూ ప్రభుదాసుని తమ మేడ మెట్లెక్కనివ్వరు. ఆ సంగతి అతనికి తెలుసు. ఊరికి ఇంకా బాగా తెలుసు.

తిన్నగా ఉస్తాదు ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో టీ కొట్టు మాట గుర్తొచ్చి తల దించుకున్నాడు గాని, వెనక్కి తిరగలేదు.

"తప్పెక్కడుందో దొరకడం లేదు ఉస్తాద్. దొరికేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

"తప్పు అక్కడుంటే ఇక్కడ కూర్చుంటావేం? పద."

ఉస్తాదు పనిసంచీ కూడా తీసుకోలేదు. దీనమ్మ ఇంటికొచ్చి, గోడ మీది తీగని ఒక్కసారి చూశాడు. లోపలికెళ్లి టీవీ, సెట్ టాప్ బాక్సు కరెంటు తీయించి, బాక్సుని పక్కకి జరిపాడు. అదున్న చోట ఒక స్టీలు పళ్లెం పెట్టి, కేబుల్ కొసని దాని మీదికి వదిలాడు.

"అమ్మా, బిందెడు నీళ్లు కావాలి. ఒక చెంబు."

"దాహమా సాయిబుగారూ?"

"నాక్కాదు. డిష్‌కి."

ప్రభుదాసుని పళ్లెం ముందు కూర్చోమని, ఆయన ఆయాసపడుతూ మేడెక్కాడు. డిష్ దగ్గర, తీగ మొదట్లో, చెంబుతో నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

కాసేపు ఏమీ లేదు. తర్వాత కన్నం దగ్గర తీగ మెరిసింది. ఆ మెరుపు నెమ్మదిగా దిగి, కనెక్టరు చివర ఒక చుక్కగా ఊరి, పళ్లెంలో పడింది.

టప్.

"మా ఇంట్లోకి వాన ఏ దారిన వస్తోందో అనుకున్నాను," అంది దీనమ్మ. "దారి చక్కగా వేశారు అల్లుడుగారూ. ఎక్కడా వంకర లేదు."

ప్రభుదాసు బయటికొచ్చి మేకులు పీకాడు. పొట్ట వదులుదామంటే తీగలో బెత్తెడు కూడా మిగులు లేదు. ఆ రోజు అంత కచ్చితంగా కత్తిరించాడు మరి. మొత్తం ఊడలాగి, కొత్త కేబుల్ చుట్ట తెచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండలో మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఉస్తాదు గోడనీడలో కూర్చుని దీనమ్మ పెట్టిన జంతికలు తిన్నాడు. ఒక్క మేకు అందించలేదు. మోజెస్ వచ్చి, "నా కొబ్బరిమట్టలు కూడా మళ్లీ అతికిస్తావా?" అని అడిగి, తనూ ఓ జంతిక తీసుకున్నాడు.

కన్నం కింద తీగ వంపు తిరిగింది.

"ఇంత చాలా ఉస్తాద్?"

ఉస్తాదు చెంబు అతని చేతికిచ్చాడు.

ఈసారి ప్రభుదాసే పోశాడు. నీళ్లు తీగ వెంట జారి, వంపు అడుక్కి వచ్చి, పైకెక్కలేక కిందపడ్డాయి. కింద గింజలేరుతున్న కోడి పక్కకి తప్పుకుంది. లోపల దీనమ్మ పళ్లెం మీద వేలితో రాసి చూసింది. నమ్మకం కుదరక మళ్లీ రాసింది. తర్వాత ఆ పళ్లెం కడిగి, అందులోనే అన్నం పెట్టింది.

"కూర్చో నాయనా, తిను. రేపు రావద్దని ఆ మనిషికి కబురు పెడతాలే."

వెళ్లేటప్పుడు ప్రభుదాసు ఉస్తాదుతో వీధి చివరిదాకా నడిచాడు. టీ కొట్టు దాటాక అడిగాడు.

"ఉస్తాద్, ఆ మధ్య ఇక్కడ నేనో మాటన్నాను. మీదాకా వచ్చిందా?"

"వచ్చింది."

కొంత దూరం నడిచాక ఉస్తాదు అరచేత్తో పొట్ట తట్టుకున్నాడు.

"ఇక్కడిదాకా వచ్చి, కింద పడింది."