నక్క డాక్టరు, వణుకు రోగం

లంబసింగి పక్క కొండ మీద డిసెంబరు తెల్లవారింది. గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకుంది. గూట్లో పదకొండు కొండ కోళ్లు నిశ్చింతగా కూర్చున్నాయి. పన్నెండోది వణుకుతోంది.

అది మెడ మీద ఈకలు లేని బోడిమెడ పెట్ట. మండపేట నుంచి వచ్చి నాలుగు రోజులైంది. అందుకే దాన్ని అందరూ మండపేట అనే పిలుస్తున్నారు.

"నీ వణుకుతో గూడంతా ఊగుతోంది" అంది గంభీరం అనే పుంజు.

"ఆయ్, సరదాకి వణుకుతున్నానేటండీ?" అంది మండపేట.

అంతలో తలుపు చప్పుడైంది. సందులోంచి చూస్తే నక్క.

"నేను డాక్టర్ని. ఈ కొండ మీద వణుకు రోగం తిరుగుతోంది. ఒకరికి తగిలితే సాయంత్రానికి గూడు ఖాళీ. రోగి ఎవరైనా ఉంటే పంపండి. ఆసుపత్రిలో చేర్చుకుంటాను."

"ఆసుపత్రి ఎక్కడ బాబూ?" అంది ముసలి పెట్ట కొర్రమ్మ.

"ఆ పొద వెనకాల."

"నయమై ఎంతమంది తిరిగొచ్చారు?"

"ఒక్కరూ రాలేదు. అంత బాగుంటుంది అక్కడ."

గంభీరం అప్పటికే గడియ మీద ముక్కు పెట్టింది. "ఒక్కదాని కోసం పదకొండు ప్రాణాలు పోగొట్టుకుంటామా?"

"ఆగు అల్లుడూ" అంది కొర్రమ్మ. "వణకడం రోగం కాదు, పని. కండరాలు అలా కదిలి వేడి పుట్టిస్తాయి. ఈలోగా కణాల్లో జన్యువులు ఒక్కొక్కటే మేలుకుని, వణక్కుండానే కొవ్వు మండించడం మొదలెడతాయి. మనం చలిలోనే పుట్టాం, మన జన్యువులకి ఆ డ్యూటీ అలవాటే. దీని జన్యువులకి ఇంకా ఆర్డర్లు అందలేదు. పైగా మెడ మీద ఈకలు రానివ్వని జన్యువొకటి ఉంది. అది ఎండల ఊళ్లో వరం, ఇక్కడ శిక్ష."

"కణాలంట! నువ్వు చూశావా అత్తా? డాక్టరు మాట వినాలా, నీ మాట వినాలా?"

గడియ లేచింది. తలుపు తెరుచుకుంది. మండపేట ఏడుస్తూ ఒక కాలు గడప దాటించింది. నక్క నోట్లో నీళ్లూరాయి.

"డాక్టరు గారూ," అంది కొర్రమ్మ చాలా వినయంగా, "చేతులు కడుక్కోకుండానే రోగిని ముట్టుకుంటారా?"

"ఛ ఛ, ఎంత మాట!" నక్క పక్కనున్న నీళ్ల తొట్టి మీద పలచటి మంచు పగలగొట్టి ముందు కాళ్లు ముంచింది.

"వెనక కాళ్లు కూడా బాబూ."

"అవెందుకు?"

"మొన్నొచ్చిన పశువుల డాక్టరు కడుక్కున్నాడు. ఆయన అసలు డాక్టరు మరి."

ఆ మాటకి పౌరుషం వచ్చి నక్క తొట్టిలోకి దిగింది. పొట్ట దాకా మునిగి పైకొచ్చింది. తోక నుంచి ముక్కు దాకా వణుకు పట్టింది. పళ్లు టకటకలాడాయి.

గంభీరం గుడ్లు తేలేసింది. "అమ్మో! డాక్టరుకే తగులుకుంది! ఈయన్ని ఎవరు చేర్చుకుంటారు? దగ్గరికి రాకండి!"

"రో... రోగం కాదురా వెధవా!" అని అరిచింది నక్క. "చన్నీళ్లు పడితే ఎ... ఎవడైనా వణుకుతాడు!"

గంభీరం ఒకసారి నక్కని చూసింది, ఒకసారి మండపేటని చూసింది. రెండూ ఒకేలా వణుకుతున్నాయి. పుంజు చటుక్కున మండపేటని రెక్క పట్టి లోపలికి లాగి ధడాలున తలుపేసింది.

"మధ్యలోకి వచ్చి కూర్చో తల్లీ" అంది, ఎవరి మొహమూ చూడకుండా.

నక్క ఎండ కోసం వెతుక్కుంటూ కొండ దిగింది. పొద్దు ఎక్కడానికి ఇంకా చాలాసేపుంది.

తన ఒంటికొస్తే చలి, ఎదుటివాడి ఒంటికొస్తే రోగం అనేవాడికి ముందుగా నాలుగు చెంబులు చన్నీళ్లు పోయించాలి.