రాళ్ళు కాసిన పందిరి

అనగనగా నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో తవిటమ్మ అని ఒక కొత్త కోడలు ఉండేది. పెళ్ళప్పుడు వాళ్ళమ్మ ఆమెకి మూడు పిడకలు ఇచ్చింది. నవ్వకు! అవి పొయ్యిలోకి కాదు. పురుగు పట్టకుండా విత్తనాలని పేడలో కలిపి, గోడకి కొట్టి ఆరబెట్టిన పిడకలు. ఒకదాంట్లో బీర, ఒకదాంట్లో సొర, ఒకదాంట్లో పొట్ల.

"మా అమ్మ నాటి విత్తనమిది. నీ చేతిలో తెగిపోనీకే," అంది వాళ్ళమ్మ.

తవిటమ్మ ఆ మూడింటినీ అత్తవారింటి వసారా గూట్లో దాచింది. చలి పోయింది. మామిడి పిందె కట్టింది. ఉగాదికల్లా విత్తు నేలలో పడాలనుకుంది. పెరట్లో చూస్తే కూలిపోయిన పశువులసాల రాళ్ళు, వాటి మధ్య ముళ్ళకంప.

అత్త గున్నమ్మ వక్క నములుతూ నవ్వింది. "ఆ పెరట్లో రాళ్ళు తప్ప ఏటి కాస్తాయే?"

"చూద్దుంలే అత్తా," అని తవిటమ్మ కొంగు బిగించింది.

మొదటి రోజు కంప కొట్టి రాళ్ళు ఏరింది. చేతులు బొబ్బలెక్కాయి. రాళ్ళని పారేయకుండా, మేకలు రాకుండా చుట్టూ గోడలా పేర్చింది. రెండో రోజు గునపం వేస్తే నేల ఖంగుమంది. అప్పుడు స్నానాల నీళ్ళు పోయే కాలువని పెరట్లోకి తిప్పింది. సాయంత్రానికి నేల మెత్తబడింది. పాదులు తవ్వి ఎరువు వేసింది. మూడో రోజు వెదుళ్ళు పాతి పందిరి వేసింది. ఆ తర్వాత కాళ్ళు కడుక్కుని గూటి దగ్గరికి వెళ్ళింది.

గూడు ఖాళీ!

"అత్తా, ఇక్కడి పిడకలేవి?"

"పండక్కి ఇల్లు దులిపేను కదే. తలంటు నీళ్ళు కాగొద్దా? పొయ్యిలో..." కోడలి మొహం చూసి గున్నమ్మ గబుక్కున పొయ్యికేసి తిరిగింది.

తవిటమ్మ ఏడవలేదు. ఏడిస్తే నిప్పు ఆరుతుందా? ఒక్క పరుగున పొయ్యి దగ్గరికి వెళ్ళింది. రెండు పిడకలు బూడిదైపోయాయి. మూడోది అంచున రాజుకుంటోంది. చేత్తోనే లాగి నీళ్ళు చల్లింది. వేళ్ళు చురుక్కుమన్నాయి. విరిచి చూస్తే చుట్టూ ఉన్నవన్నీ మాడిపోయి, నట్టనడుమ మూడే మూడు పొట్లగింజలు మిగిలాయి.

మూడింటినీ నాటింది. ఒకటి మొలవనేలేదు. ఒకటి మొలిచింది గానీ కోడి గీకి పారేసింది. ఇక మిగిలింది ఒక్కటే.

అప్పుడు గున్నమ్మ పెరట్లో పీట వేసుకుని, కర్ర పట్టుకుని కూర్చుంది. "హుష్! మీ కూరొండ! పోండే!" అని కోళ్ళని తోలుతూనే ఉంది.

"ఎండలో నీకెందుకు అత్తా?"

"నోర్ముయ్యే. నా పాదు నేను కాసుకుంటాను."

తీగ పందిరెక్కింది. పూసింది. పిందె వేసింది. పిందెలేమో పాముల్లా మెలికలు తిరగసాగాయి. పొట్లకాయ తిన్నగా సాగాలంటే కొసకి బరువు కట్టాలి. గున్నమ్మ వెళ్ళి గోడలోంచి చిన్న చిన్న రాళ్ళు ఏరుకొచ్చి, ఒక్కో కాయకీ ఒక్కో రాయి దారంతో కట్టింది.

తవిటమ్మ పందిరి కింద నిలబడి పైకి చూసింది. పందిరి నిండా రాళ్ళు వేలాడుతున్నాయి.

"అన్నంత పనీ అయింది అత్తా! ఈ పెరట్లో రాళ్ళే కాశాయి."

"కాశాయి కదే మరి! నా మాటెప్పుడు తప్పింది?" అంది గున్నమ్మ.

అన్నిటికన్నా పొడుగు కాయని మాత్రం కొయ్యలేదు. అది ఎర్రగా పండేదాకా ఆగి, ఆ గింజలతో ఇద్దరూ కొత్త పిడక కొట్టారు. గున్నమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. పొయ్యిలో పెట్టబోయే చెయ్యి ఆగాలి కదా! ఆ చెయ్యి ఎవరిదో నీకు తెలుసుగా?

గింజేమో గూటికి, తీగేమో పందిరికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్దరకి.